హిజ్కియాకు దొరికిన 15 ఏళ్లు



హిజ్కియా 25వ యేట యూదా సింహాసనమెక్కి యెరూషలేములో 29 సంవత్సరాలు ఏలాడు. తండ్రి ఆహాజు మూయించిన దేవాలయపు తలుపులను మొదటి నెలలోనే తెరిపించాడు. మోషే చేయించిన ఇత్తడి సర్పానికి జనం ధూపం వేస్తుంటే, పెద్దల నాటిది గదా అని ఊరుకోక పగులగొట్టించాడు.

క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తి వచ్చాడు. హిజ్కియా మొదట భయపడ్డాడు. తాను బంగారు రేకు తొడిగించిన ఆలయపు తలుపుల నుండే ఆ బంగారం ఊడదీయించి కప్పం కట్టాడు. అయినా శత్రువు కదలలేదు. అప్పుడు బెదిరింపు ఉత్తరాన్ని దేవుని సన్నిధిలో పరచి ప్రార్థించాడు. ఆయన ప్రార్థించి చేతులు కట్టుకున్నవాడు కాడు. గీహోను ఊట నీరు పట్టణం లోపలికి వచ్చేలా 533 మీటర్ల సొరంగం తొలిపించాడు. రెండు వైపుల నుండి తవ్వుకుంటూ వచ్చినవారు ఒకరి కేక ఒకరు విని మధ్యలో కలుసుకున్నారని 1880లో దొరికిన శాసనం చెబుతోంది. 46 కోటలు పట్టుకున్నానని రాయించుకున్న సన్హెరీబు, యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం రాయించుకోలేకపోయాడు.

ఆ దినాల్లోనే హిజ్కియాకు మరణకరమైన రోగం వచ్చింది. గోడ తట్టు తిరిగి ఏడ్చాడు. దేవుడు 15 సంవత్సరాలు పొడిగించాడు.

మనం ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాం. మంచం పక్కన మోకరించి మనమూ ఇదే వాక్యం ఎత్తి ప్రార్థిస్తాం. కానీ తరువాత ఏమైంది? బబులోను దూతలు పరామర్శకు వస్తే, రాజు తన ఖజానా అంతా చూపించాడు. స్వస్థపరచిన దేవుణ్ణి గూర్చి చెప్పినట్టు లేఖనంలో లేదు. ఈ సొత్తంతా బబులోనుకు పోతుందని, నీ సంతానంలో కొందరు అక్కడ దాసులౌతారని యెషయా హెచ్చరించాడు. నా దినాల్లో నెమ్మదిగా ఉంటే చాలులే అన్నట్టు రాజు సరిపెట్టుకున్నాడు. గోడవైపు తిరిగి తన కోసం ఏడ్చినవాడు పిల్లల కోసం ఏడ్వలేదు.

హిజ్కియా చనిపోయేనాటికి కుమారుడు మనష్షేకు 12 ఏళ్లు. అంటే దొరికిన ఆ గడువులోనే పుట్టాడు. తండ్రి పడగొట్టిన ఉన్నతస్థలాలను మళ్లీ కట్టించింది ఆ బిడ్డే.

ప్రియులారా, జ్వరం నుండి, ప్రమాదం నుండి లేచి నిలబడినవారం మనలో ఎందరమో ఉన్నాం. మన దినాలు బాగుంటే చాలని అనుకుంటున్నామా? మన ఇంట్లో ఆ 12 ఏళ్ల బిడ్డ మనల్ని చూస్తూనే ఉన్నాడు. ఆయుష్షు కోసం ఏడ్చినట్టే బిడ్డల కోసమూ ఏడ్చే కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.