పండుగ బొమ్మలు: శిడ్లఘట్ట డేరా నుంచి

డిసెంబరు మాసం ప్రవేశించగానే ఈ అమెరికా ఊళ్ళో మా ఇంట టెలివిజను ముందు ఒక విధమైన దీక్ష మొదలవుతుంది. మనుమలు, మనుమరాలు కలసి ఒక జాబితా వ్రాసికొని, రోజుకొక క్రిస్మస్ చిత్రం చొప్పున నెల పొడుగునా చూస్తారు. ఏటేటా అవే చిత్రాలు. కథ తెలుసు, మాటలు తెలుసు, ఎక్కడ ఏడవవలెనో అదీ తెలుసు, అయినా చూస్తారు. "తాతా, మీ ఊళ్ళో పండుగకు ఏ సినిమాలు చూచేవారు?" అని మొన్న ఒకనాడు చిన్నది అడిగింది. ఇంగ్లీషులోనే అడిగిందనుకోండి. ఆ ప్రశ్నకు రెండు మాటలలో సమాధానం చెప్పలేకపోయాను. ఉగాది సంచికకు ఏదైనా వ్రాయమని సంఘంవారు కోరినప్పుడు, ఆ బాకీ ఇక్కడ తీర్చుకొందామనిపించింది.

మాది శిడ్లఘట్ట. మీలో చాలమందికి ఈ పేరు క్రొత్త కావచ్చును. బెంగుళూరుకు ఈశాన్యంగా, చిక్కబళ్ళాపురానికీ చింతామణికీ నడుమ ఉన్న పట్టుగూళ్ళ ఊరు అది. నా చిన్నతనంలో మైసూరు రాష్ట్రంలోని కోలారు జిల్లాలో ఉండేది. 2007 నుంచి చిక్కబళ్ళాపురం జిల్లాలోనిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినా, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినా, తెలుగు మాట్లాడేవారు అంత దట్టంగా ఉన్న మా సీమ మైసూరులోనే ఉండిపోయింది. దానికి మావాళ్ళు పెద్దగా విచారించినట్లు నేను వినలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, రీలింగు చేసే ముసల్మాను సోదరుల వాకిట ఉర్దూ, మూడూ మావే. కైవారం నారేయణ తాత తత్వాలను తెలుగులో పాడుకొనే పెద్దలే సంతకం మాత్రం కన్నడంలో చేసేవారు. తెలుగు చెవికి ఉన్నది, కంటికి లేదు. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవలెను. పండుగ బొమ్మ కథ అంతా దీని చుట్టూ తిరుగుతుంది.

చలనచిత్రానికీ క్రీస్తు కథకూ మన దేశంలో ఉన్న సంబంధం చాల పాతది. 1905లో తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగిగా ఉన్న స్వామికన్ను విన్సెంటు, డుపాంట్ అనే ఫ్రెంచివాని వద్ద ప్రొజెక్టరునూ కొన్ని ఫిలిములనూ కొని, ఉద్యోగం వదలి, డేరా కట్టుకొని ఊరూరా తిరిగాడు. అతని పెట్టెలోని బొమ్మలలో ఒకటి క్రీస్తు జీవితం. దక్షిణ దేశంలో డేరా సినిమాకు అతడే ఆద్యుడు. బొంబాయిలో ఫాల్కే కూడ క్రీస్తు చరిత్ర చిత్రాన్ని చూచే, మన రాముణ్ణీ కృష్ణుణ్ణీ తెరమీద ఎప్పుడు చూస్తామా అని తహతహపడ్డాడు. అది క్రిస్మస్ రోజులలో అని కొందరు, ఈస్టరునాడు అని కొందరు అంటారు. ఏమయినా పండుగనాటి బొమ్మే. దాని ఫలం 1913లో వచ్చిన 'రాజా హరిశ్చంద్ర'. అంటే మన పౌరాణిక చిత్రాల తొలి విత్తనం ఒక క్రైస్తవ పండుగ బొమ్మలో ఉన్నదన్న మాట.

విన్సెంటు వేసినటువంటి డేరానే నా చిన్ననాడు మా ఊరి చివర మైదానంలో వేసేవారు. అనుమతి కొన్ని నెలలకే. గడువు తీరగానే గుంజలు పీకి మరొక ఊరికి పోవలసిందే. వెలుతురు ఉండగా గుడ్డలోంచి ఎండ తెరమీద పడుతుంది గనుక పగటి ఆట లేదు. రాత్రికి రెండే ఆటలు. ఒకే యంత్రం, రీలు రీలుకూ దీపాలు వెలిగేవి, ఆ సందులో వేరుసెనగకాయలు, ఉడికించిన అనపకాయలు అమ్మేవారు. నేల టికెట్టు వారికి ఇసుక. ఆడవారికీ మగవారికీ మధ్య ఒక తడిక. చీకటి పడేవేళ ఘంటసాల పాడిన భక్తిపాట ఏదైనా రికార్డు మీద వేస్తే, ఊరంతా వినబడి, "డేరావాడు దీపం పెట్టినాడు" అనుకొంటూ కూటికి కూర్చునేవారు. సంగటి ముద్ద మింగి, గొంగళి భుజాన వేసికొని బయలుదేరడమే. ధనుర్మాసపు చలి మా ఎత్తు ప్రదేశంలో ఏమంత చిన్నది కాదు.

అయితే సంక్రాంతికి విడుదలయిన బొమ్మ సంక్రాంతికే మాకు వచ్చేదని ఎవరూ భ్రమపడరాదు. ఆనాడు ప్రతులు స్వల్పం. పట్టణాలలో ఆడి, బెంగుళూరులో ఆడి, గీతలు పడి, అతుకులు పడి, రీళ్ళ పెట్టె మా ఊరు చేరేసరికి శివరాత్రో ఉగాదో అయ్యేది. ఒక్కొక్కప్పుడు ఆ ఉగాది కూడ మరుసటి సంవత్సరపుదే. మాకు అదే క్రొత్త బొమ్మ, అదే పండుగ. ఇంకొక చిక్కు పట్టుపురుగుతో. కోస్తా జిల్లాలలో వడ్లు ఇంటికి వచ్చి సంక్రాంతికి చేతిలో నాలుగు డబ్బులు ఆడతవి. బొమ్మలు తీసేవారు ఆ లెక్క కనిపెట్టే విడుదల చేస్తారు. మా ఊళ్ళో డబ్బు పంచాంగం ప్రకారం రాదు. పురుగు పొదిగిన నాటినుంచి గూడు కట్టేవరకు సుమారు నాలుగు వారాలు. అది నాలుగు మార్లు చర్మం విడుస్తుంది. దానిని మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన తరువాత ఆ వారం రోజులూ దాని ఆకలికి హద్దు లేదు. రాత్రీ పగలూ ఆకు వేయవలసిందే. ఆ వారంలో డేరాకు ఎంత గొప్ప బొమ్మ వచ్చినా ఇల్లంతా కదలడానికి వీలులేదు. మొదటి ఆటకు పిల్లలూ ఆడవారూ పోయి వచ్చి, తట్టలు అందుకొంటే, రెండవ ఆటకు మగవారు పోయేవారు. ఆ సమయంలో మొదటి ఆట చూచినవారు కథ చెప్పకుండా నోరు కట్టుకోవలెను. మా అవ్వకు అది ఎన్నడూ చేతకాలేదు. గూళ్ళు చంద్రికలనుంచి ఒలిచి అమ్మిన నాడు మాత్రం ఇంటిల్లపాదీ బెంచీ టికెట్టు.

క్రిస్మస్ ప్రసక్తితో మొదలుపెట్టాను గనుక 'మిస్సమ్మ' గూర్చి కొంచెం విస్తరించి చెప్పక తప్పదు. విజయా సంస్థ వారి ఈ చిత్రం 1955 జనవరి 12న, అంటే సంక్రాంతి ముంగిట, విడుదలయింది. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు, ఎల్.వి. ప్రసాదు దర్శకుడు; మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావువి; సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. మూలం రవీంద్రనాథ మైత్ర అనే వంగ రచయిత నాటకం. మొదట నాయికగా భానుమతిని పెట్టి కొన్ని రీళ్ళు తీసి, మాట పట్టింపు వచ్చి, సావిత్రిని తీసికొన్నారు. కథ మీకందరికీ తెలిసినదే: ఉద్యోగం కోసం హిందువుల కుర్రవాడు ఒకడు, మేరీ అనే క్రైస్తవ యువతి భార్యాభర్తలుగా నటిస్తూ ఒక జమీందారు బడిలో పంతుళ్ళుగా చేరతారు. ఎన్.టి. రామారావు సౌమ్యత, సావిత్రి చిరచిర, అక్కినేని డిటెక్టివు వేషాలు, ఎస్.వి. రంగారావు అమాయకపు పెద్దరికం. మేరీమాతను వేడుకొనే పాట పి. లీల గొంతున వస్తుంటే డేరాలో చీమ చిటుక్కుమనేది కాదు. సంక్రాంతి ముగ్గులు వేసికొని వచ్చిన ఆడవారు ఆ పాటకు కళ్ళు తుడుచుకోవడం నేను చూచాను. క్రైస్తవులంటే చిక్కబళ్ళాపురంలో లండన్ మిషన్ వారి ఆసుపత్రి, అక్కడి నర్సమ్మలు. మా ఊరివారి పరిచయం అంతవరకే. తెరమీద మేరీ దానిని ఇంటివరకు తెచ్చింది.

చివరకు మేరీ ఆ జమీందారుకే చిన్ననాడు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. అందరూ సంతోషించి ఇండ్లకు పోయారు. మా అవ్వ మాత్రం దారి పొడుగునా సణుగుతూనే ఉన్నది. "కన్నోళ్ళు దొరికినారు సరేనప్పా. పెంచినోళ్ళ గతి ఏమి?" అన్నది. అప్పుడు నవ్వాము. తెలుగు కన్నతల్లిగా, కన్నడం పెంచిన తల్లిగా బ్రదికి, ఆ పైన ఇంగ్లీషు దేశానికి వచ్చి పడ్డ నాకు, ఆ మాట ఇప్పుడు నవ్వులాటగా తోచదు.

పాటల పుస్తకం సంగతి చెప్పవలెను. డేరా వాకిట అమ్మే ఆ పలుచని పుస్తకంలో ముందు కథాసంగ్రహం, అసలైన చోట కథ ఆపి, శేషం వెండితెరపై చూడమని ఒక మాట, ఆ తరువాత పాటలు. మా బడిలో తెలుగు లేదు. నేను తెలుగు అక్షరాలు నేర్చినది ఆ పుస్తకాలలోనే. రెండు లిపులూ అక్కచెల్లెండ్రు. కన్నడపు తలగీతను చెరిపి మన తలకట్టు పెడితే సగం అక్షరాలు వచ్చినట్లే. పాట ముందే నోటికి వచ్చును గనుక, నోటిలోని మాటను కాగితం మీది గీతకు జత చేయడమే మిగిలింది. నావంటివారు మా వీధిలోనే అరడజను మంది ఉండేవారు. ఏ ప్రభుత్వమూ, ఏ పరిషత్తూ నడపని బడి అది, పావలాకు ప్రవేశం.

ఈ బడి నిలిచిపోవడానికి కన్నడ సోదరుల ఉద్యమం కూడ ఒక కారణమయిందంటే ఆశ్చర్యపోతారు. కన్నడంలో తొలి వాక్చిత్రం 1934లో వచ్చిన 'సతీ సులోచన'. దాని దర్శకుడు మన వై.వి. రావు. 1954లో 'బేడర కణ్ణప్ప'తో కథానాయకుడయిన రాజకుమార్, అదే కథతో తెలుగులో తీసిన 'కాళహస్తి మహాత్మ్యం'లో నటించాడు. ఆయన నటించిన తెలుగు చిత్రం అదొక్కటే. ఇంత ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నా, పరభాషా చిత్రాలకు కన్నడపు మాటలు అతికించి వదలుతుంటే తమ పరిశ్రమ లేవదని అ.న. కృష్ణరావు మొదలయిన కన్నడ రచయితలు, కళాకారులు 1960 ప్రాంతంలో గట్టిగా నిలబడ్డారు. 'మాయాబజార్' కన్నడపు మాటలతో 1965లో వచ్చింది. ఆ తరువాత ఇంచుమించు అయిదు దశాబ్దాలు ఆ దారి మూతపడింది. వారి కోరిక న్యాయమైనదే అని నా అభిప్రాయం. అయితే వారు ఊహించని ఫలితం ఒకటి: తెలుగు బొమ్మ చూడదలచినవాడు తెలుగులోనే చూడవలసివచ్చింది. మా పిల్లల చెవికి తెలుగు శుద్ధంగా అందింది. ఎందరో కన్నడిగులకు కూడ తెలుగు పట్టుబడింది. 2015లో కాంపిటీషన్ కమిషన్ తీర్పు తరువాత ఆ దారి మళ్ళీ తెరుచుకొన్నది. పెద్ద తెలుగు చిత్రాలు ఇప్పుడు కన్నడపు మాటలతోనూ వస్తున్నవి. శిడ్లఘట్ట పిల్లలకు ఇక తెలుగు ఎక్కడినుంచి వినబడుతుందో చూడవలెను.

తరువాతి సంక్రాంతులను గూర్చి త్వరగా చెప్పి ముగిస్తాను. 1960 జనవరిలో 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' విడుదలయి, సినిమా హాళ్ళను గుళ్ళు చేసింది. 1977 జనవరి 14న 'దానవీరశూరకర్ణ', 'కురుక్షేత్రం' ఒకేనాడు వచ్చి, భారతయుద్ధం థియేటర్ల మధ్యనే జరిగింది. మొదటిది నాలుగు గంటలు దాటిన చిత్రం, రామారావు మూడు పాత్రలు ధరించి స్వయంగా దర్శకత్వం వహించాడు. 1978 డిసెంబరులో, సరిగా క్రిస్మస్ ముందు, విజయచందర్ క్రీస్తుగా నటించిన 'కరుణామయుడు' వచ్చింది. తెలుగులో నిజమైన క్రిస్మస్ బొమ్మ ఏదంటే అదే. దానిని అనేక భాషలలోకి మార్చి, ప్రొజెక్టరు బండిలో వేసికొని పల్లె పల్లెకూ తీసికొనిపోయి చూపారు. డెబ్బది ఏండ్ల తరువాత విన్సెంటు మళ్ళీ పుట్టినట్లయింది.

ఇక్కడివారి పండుగ బొమ్మ మాట కూడ విచిత్రమే. మా ఇంటి జాబితాలో మొదట ఉండే 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' 1946 డిసెంబరులో వచ్చి, పెట్టిన డబ్బు రాబట్టలేక చతికిలబడింది. దాని దర్శకుడు ఫ్రాంక్ కాప్రా సిసిలీనుంచి 1903లో పసివాడుగా వలస వచ్చినవాడు. 1974లో ఎవరో కాపీరైటు పొడిగించడం మరచిపోవడం చేత, రుసుము చెల్లించకుండానే టెలివిజనువారు ప్రతి డిసెంబరులోనూ వేయసాగారు. అట్లా అది పండుగ అయి కూర్చున్నది. మా సంక్రాంతి బొమ్మలో సంక్రాంతి ఉండవలెననే నియమం ఏనాడూ లేదు. 'మిస్సమ్మ'లో ముగ్గూ గొబ్బెమ్మా వెదకనక్కరలేదు. వాటిని పండుగ బొమ్మలు చేసినది తేదీ, చేతిలోని డబ్బు, ప్రక్కన కూర్చున్న మనుషులు. 2025 సంక్రాంతికి మాత్రం 'సంక్రాంతికి వస్తున్నాం' అని పేరే పెట్టి ఒక చిత్రం వదిలారు. ఈనాటి బొమ్మ బెజవాడలోనూ మా సీమలోనూ ఒకేనాడు విడుదలవుతుంది. అమెరికాలో ఒకపూట ముందే. ఎదురుచూడడం అనేది పోయింది.

ఈసారి జాబితాలో నేను కూడ ఒక పేరు చేర్పించాను. క్రిస్మస్ మరునాటి రాత్రి మా ఇంట్లో 'మిస్సమ్మ' వేశాము. మనుమలు మధ్యలో లేచిపోయారు. చిన్నది మాత్రం చివరివరకు కూర్చున్నది; క్రింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకొంటూ, సావిత్రి కోపగించుకొన్నప్పుడల్లా నవ్వుతూ. మేరీ మహాలక్ష్మి అయినప్పుడు, ఆమెను పెంచిన అమ్మా నాన్నా ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటారని అడిగింది. మా అవ్వ ప్రశ్నే. తెరమీద చివరి అక్షరాలు పడినప్పుడు అవి ఏమిటని అడిగితే, కాగితం తెచ్చి, 'శుభం' అని వ్రాసి చూపాను. సున్న తేలికగా వచ్చింది. 'శు' కొమ్ము దగ్గర మూడుసార్లు కొట్టివేసి, నాలుగవసారి వ్రాసింది.