పన్నెండడుగుల నీటి మీద షికారు

విజయవాడకు చుట్టాలొస్తే సాయంత్రం పూట చూపించడానికి ఇంటివాళ్లు పెద్దగా ఆలోచించరు. కొండ మీద అమ్మవారి దర్శనం, ప్రకాశం బ్యారేజీ, ఆ తర్వాత పున్నమి ఘాట్ నుంచో బెర్మ్ పార్కు నుంచో కృష్ణలో పడవ షికారు. ఎండ తగ్గాక పడవ రేవు వదిలి భవానీ ద్వీపం వైపు సాగుతుంది. ఓ పక్క ఇంద్రకీలాద్రి, ఇంకో పక్క సీతానగరం, ఉండవల్లి కొండలు, వెనక్కి తిరిగితే బ్యారేజీ దీపాలు. ఈ షికారు గురించి చెప్పేటప్పుడు మనకు అలవాటైన మాట ఒకటుంది: యుగాలుగా పారుతున్న కృష్ణమ్మ ఒడిలో విహారం. మాట బాగుంది, చరిత్ర మాత్రం దాన్ని సమర్థించదు. నదికి యుగాల వయసు ఉంటే ఉండొచ్చు కానీ ఈ షికారుకు లేదు. పడవ తేలుతున్న నీరు ఆనకట్ట వెనక నిలబెట్టిన నీరు. అందుకే ఈ వినోదం పుట్టుక వెతకాలంటే పర్యాటక శాఖ కాగితాలు చూసి లాభం లేదు, నీటిపారుదల చరిత్రలోకి వెళ్లాలి. అక్కడ దొరికేది మంచి కథే, అందులో ఒక లోపమూ ఉంది.

ఆనకట్టకు ముందు బెజవాడ దగ్గర కృష్ణ ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. పడమటి కనుమల్లో మహాబలేశ్వరం దగ్గర పుట్టి 1,400 కిలోమీటర్లు నడిచి వచ్చే ఈ నదికి నీరిచ్చేది ప్రధానంగా నైరుతి రుతుపవనాలే. ఏడాదిలో మూడు నాలుగు నెలలు ఒడ్డులు కోసే వరద, ఎండాకాలం ఇసుక తిన్నెల మధ్య సన్నని పాయలు. మొదటి దశలో సరదా పడవ ప్రాణాంతకం, రెండో దశలో అసాధ్యం. 1832-33 కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టాక గానీ ఈ నీటిని పట్టి నిలపాలన్న ఆలోచన దొరతనానికి గట్టిగా పట్టలేదు. గోదావరి మీద ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టాడు. అక్కడి ఫలితం చూసి 1852లో కృష్ణ మీద పని ఎత్తుకున్నారు, కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో 1855కి ముగించారు. బెజవాడనే ఎంచుకోవడానికి కారణం కళ్లెదుటే ఉంది: ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నది ఇరుకవుతుంది, కట్టడానికి కావలసిన రాయి ఆ కొండల్లోనే దొరుకుతుంది. రాతి కట్ట లేచింది, దాని ఎగువన నీటిమట్టం లేచింది. ఏడాదిలో చాలా నెలల పాటు నీరు కదలకుండా ఉండే వెడల్పాటి మడుగు ఒకటి ఊరి ముంగిట వెలిసింది. ఆ పని చేసినవాళ్ల మనసులో వరి మడులున్నాయి. విహారం గురించిన తలంపే లేదు.

వరి మడులతో పాటు ఇంకో ఆలోచన కూడా ఉంది, అది మన విషయానికి ముఖ్యం. కాటన్ దృష్టిలో కాలువంటే పొలానికి నీళ్లూ సరుకుకు దారీ కూడా. భారతదేశానికి రైలు కన్నా జలమార్గమే చౌక అని ఆయన జీవితాంతం వాదించాడు, 1870లలో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా. కృష్ణా కాలువలను ఆ నమ్మకంతోనే పడవలు నడిచేలా తవ్వారు. బెజవాడ నుంచి బందరు కాలువ సముద్రం దిక్కుకు వెళ్లింది, ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలిసింది, సీతానగరం వైపు నుంచి బయలుదేరిన కాలువ దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువై పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను అందుకుంది. అంటే కాకినాడలో ఎక్కించిన సరుకు సముద్రం ముఖం చూడకుండా మద్రాసు చేరే దారి. దారిలో నీటిమట్టం మారిన చోటల్లా లాకులు. లాకు పని చేసే తీరు నేటి షికారు పడవ ఎక్కేవారికి తెలియకపోవచ్చు: పడవ రెండు జతల తలుపుల మధ్య ఉన్న రాతి గదిలోకి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, తూములు తెరిచి నీరు ఎక్కిస్తారు లేదా దించుతారు, రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపులను తేలిగ్గా తెరుస్తారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు భుజాన తాడేసుకుని లాగడం. ఇది వ్యాపారం, బరువైన పని. సూర్యాస్తమయం చూడటానికి ఆ పడవ ఎవరూ ఎక్కి ఉండరు.

ఆ వ్యాపారాన్ని మొదట దెబ్బతీసింది రైలు. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది, 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడింది. తర్వాత లారీలు వచ్చాయి. 1970ల నాటికి కాలువ పడవలు దాదాపు జ్ఞాపకమైపోయాయి. అయితే నది దాటడానికి పడవ అవసరం మాత్రం చాలాకాలం నిలిచింది. రైలు ఎక్కనివాళ్లు, బండ్లు తోలుకొచ్చేవాళ్లు పంటు మీదే అవతలికి చేరాలి. ఈ అవసరాన్ని తీసేసిందీ, షికారుకు నీరు పెట్టిందీ ఒకే కట్టడం. 1952 వరదలో పాత ఆనకట్ట కొంతమేర తెగిపోయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు, 1954లో కొత్త బ్యారేజీకి పునాది పడింది, 1957 డిసెంబరులో అది అందుబాటులోకి వచ్చింది. ఆ ఏడాది మే నెలలోనే కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పేరు దానికి పెట్టారు. పొడవు 1,223 మీటర్ల పైచిలుకు, 70 గేట్లు, గేట్లు దించితే 12 అడుగుల నీరు నిలుస్తుంది, మొత్తం మీద 3 టీఎంసీల చిల్లర. ఈ కట్ట మీదే రోడ్డు వేశారు. పైన బస్సు నడవడం మొదలయ్యాక కింద పంటుకు పనేముంది? వంతెన లేని ఎగువన, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర మాత్రం పంటు ఆ తర్వాత కూడా బతికింది. బెజవాడ రేవుల్లో పడవ బతుకుతెరువు పోగొట్టుకుంది, దాని ముందు మాత్రం మునుపటికన్నా లోతైన, స్థిరమైన మడుగు మిగిలింది. అవసరం తీరిపోయిన చోటే వినోదం మొలిచింది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం తెప్పోత్సవం. విజయదశమి సాయంత్రం దుర్గమ్మ మల్లేశ్వరస్వామితో కలిసి హంస వాహనంలో కృష్ణలో విహరిస్తుంది కదా, దీపాలు, జనం, సాయంత్రం, పడవ అన్నీ ఉన్నాయి కదా, మరి ఈ ఆనందం ఆనకట్టతో వచ్చిందంటే ఎలా? శాతవాహనుల సీసపు నాణేల మీద ఓడ బొమ్మను కూడా కొందరు తెచ్చి చూపిస్తారు. ఓడ బొమ్మను పక్కన పెడదాం, అది సముద్ర వర్తకం గుర్తు. తెప్పోత్సవం సంగతి మాత్రం తేలిగ్గా కొట్టేయరానిది. నీటి మీద సాయంత్రపు విహారం సుఖమన్న ఊహ మనకు బయటినుంచి రాలేదు, ఆ సుఖాన్ని ముందు దేవుళ్లకు ఇచ్చాం. అయితే తెలుగునాట తెప్పోత్సవాలు ఎక్కువగా కోనేళ్లలో జరుగుతాయి, అంటే కట్టి నిలిపిన నీటిలో. భద్రాచలంలో గోదావరి మీదే జరుగుతుంది, ముక్కోటి ఏకాదశికి ముందు రోజు, అంటే నది తనంతట తాను నెమ్మదించిన చలికాలంలో. దసరా అలాంటి కాలం కాదు, కృష్ణకు అది వరదల చివరి దశ. అందుకే ఇటీవలి కొన్నేళ్లలో ఎగువ నుంచి ప్రవాహం ఎక్కువగా ఉన్నప్పుడు హంస వాహనాన్ని తిప్పకుండా రేవులోనే నిలిపి పూజలు చేశారు. సాక్షాత్తూ అమ్మవారి విహారమే బ్యారేజీ దగ్గరి క్యూసెక్కుల లెక్క మీద ఆధారపడినప్పుడు, టిక్కెట్టు కొన్నవాళ్ల విహారం సంగతి వేరే చెప్పాలా?

గోదావరి వాళ్లు ఇంకో మాట అంటారు. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీలు నడిచాయి, 1973లో ‘అందాల రాముడు’ సినిమా ఆ ప్రయాణం మీదే తీశారు, పాపికొండల మధ్య నదికి ఏ ఆనకట్టా అందం పెట్టలేదు. నిజమే. కానీ అది రోజంతా పట్టే ప్రయాణం, యాత్రికుల రవాణాగా మొదలై విహారంగా మారింది. నగరం నడుమ గంటసేపు తిప్పి అదే రేవులో దించే షికారుకు అదే మట్టంలో, అదే నెమ్మదితో నీరు ప్రతి సాయంత్రం దొరకాలి. అది కట్టడం లేకుండా దొరకదు. పారిస్‌లో సెన్ నది మీద తిరిగే విహార నౌకలదీ ఇదే కథ: 1867 ప్రపంచ ప్రదర్శన నాటికి జనాన్ని మోసే రవాణాగా ఉన్నవి, రెండో ప్రపంచయుద్ధం తర్వాత పర్యాటకుల కోసం మళ్లీ వచ్చాయి, వాటి కింద సెన్ మట్టాన్ని కాపాడేది దిగువనున్న సురేన్ కట్టడం. అహ్మదాబాద్‌లో సబర్మతి షికారుకు వాస్నా బ్యారేజీ, నర్మద కాలువ నీరు కావాలి.

విజయవాడ అంతకన్నా ముందుకు పోయింది. నాగార్జునసాగర్ వచ్చాక కృష్ణ దిగువకు ఎంత రావాలో నిర్ణయించేది గేట్లే. పులిచింతల వచ్చాక ఆ లెక్క ఇంకా బిగిసింది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక గోదావరి నీరు పోలవరం కుడి కాలువ గుండా వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది. పైనుంచి కృష్ణ ఇంకా రాని జూన్, జూలై నెలల్లో భవానీ ద్వీపం చుట్టూ తిరిగే పడవ కింద ఉన్నది చాలావరకు గోదావరే. దీన్ని మోసమని అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. నూట డెబ్బయ్యేళ్ల ఇంజినీరింగు ఫలితాన్ని గంటసేపు కూర్చుని చూడగలగడం చిన్న విషయమేమీ కాదు. నీరు సహజంగా అలా ఉందని నమ్మడమే చిక్కు తెచ్చిపెడుతుంది.

మొదట్లో చెప్పిన లోపం ఇక్కడే ఉంది. కాలువల కాలంలో పడవకు ఒక క్రమం ఉండేది. 1890 నాటి మద్రాసు కాలువలు, పబ్లిక్ ఫెర్రీల చట్టం కింద పడవలకు లైసెన్సులు, సుంకాలు ఉండేవి. లాకు దగ్గర ఆగకుండా ఏ పడవా ముందుకు పోలేదు, కాబట్టి ప్రతి పడవా ఎవరో ఒకరి కంట పడేది. రవాణా చచ్చినప్పుడు ఆ చూపు కూడా చచ్చింది. పడవలు షికారు కోసం తిరిగొచ్చేసరికి లాకు లేదు, ఆపేవాడు లేడు, పర్యాటకం, నీటిపారుదల, ఓడరేవుల శాఖల మధ్య బాధ్యత చీలిపోయి ఉంది. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం సాయంత్రం, గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర పర్యాటకులను ఎక్కించుకునే అనుమతి లేని ప్రైవేటు పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవారు. రెండేళ్లకు, 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో ఉండగానే పాపికొండలకు బయలుదేరిన లాంచీ కచ్చులూరు దగ్గర మునిగింది, 50 మంది దాకా పోయారు. ఆ తర్వాతే 2020లో రాష్ట్రంలో తొమ్మిది చోట్ల పడవల కంట్రోల్ రూములు పెట్టారు. దేశం మొత్తానికి 1917 నాటి చట్టం స్థానంలో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది 2021లో. నిబంధనలు బిగిస్తే రేవుల్లో చిన్న పడవలవాళ్ల పొట్ట కొట్టినట్టేనన్న వాదనలో కొంత న్యాయముంది, కాగితాల ఖర్చు పెద్ద సంస్థ భరించినట్టు ఒంటి పడవవాడు భరించలేడు. కానీ 2017 తర్వాత అన్ని పడవలూ కొన్నాళ్లు ఆగిపోయినప్పుడు ముందు ఆకలి తెలిసింది వాళ్లకే. ఒక్క పడవ తప్పుకు రేవంతా మూతపడే పద్ధతి కన్నా, ప్రతి పడవనూ చూసే పద్ధతే వాళ్లకు మేలు. ఆ ఖర్చు ప్రభుత్వం భరించడం న్యాయం.

మడుగు ఎంత మనిషి చేతిదో 2024 సెప్టెంబరు మొదట్లో అందరూ చూశారు. బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. ఎగువన కట్టేసి ఉన్న ఇసుక పడవలు తాళ్లు తెంచుకుని వచ్చి గేట్లకు గుద్దుకున్నాయి, గేట్లను ఎత్తడానికి దించడానికి తోడ్పడే కాంక్రీటు బరువులు రెండు విరిగాయి. ఇరుక్కున్న పడవలను తీయడానికి రోజులు పట్టింది. భవానీ ద్వీపం మునిగిపోయింది, నెలల తరబడి అక్కడికి షికార్లు లేవు. పడవలకు నీరిచ్చిన కట్టడాన్ని అదుపు తప్పిన పడవలే గాయపరిచాయి. వాటిని గట్టిగా కట్టి ఉంచారో లేదో వరదకు ముందే చూసే పని ఎవరిదో స్పష్టంగా ఉంటే ఇంత జరిగేది కాదు.

ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు చేరితే రెండోది ఇస్తారు. ఈ అంకెలు పత్రికల్లో, టీవీల్లో వస్తాయి కానీ ఎక్కువగా లంక గ్రామాలవాళ్లను ఉద్దేశించి వస్తాయి. టిక్కెట్టు కౌంటరు పక్కన ఆ రోజు నీటిమట్టం, ప్రవాహం, ఆ పడవ నంబరు, ఎంతమందికి అనుమతి ఉందో రాసిన బోర్డు ఒకటి పెట్టడం పెద్ద పనేమీ కాదు, పెట్టించాలి. అది కనబడేదాకా ప్రయాణికులే అడగాలి. అడిగితే చెప్పని పడవ ఎక్కకండి, లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే దిగిపోండి.