ఉత్తరుని భయము, ఓవెన్ కరుణ

మన భారతకథలో భయపడిన యోధుడు నవ్వులపాలైనవాడు. కౌరవసేనను కన్నులార చూచినంతనే మేను గగుర్పొడిచి, రథము నుండి దుమికి పరుగెత్తిన ఉత్తరకుమారుని విరాటపర్వమున తిక్కన సోమయాజి ఎంత హృద్యముగ చిత్రించెననగా, నేటికిని బీరములు పలుకువారి మాటలకు ఉత్తరకుమార ప్రగల్భములనియే పేరు. భరతముని సైతము భయానకరసమును స్త్రీలకును అధమప్రకృతులకును విడిచి, ఉత్సాహము స్థాయిగాగల వీరమును ఉత్తమప్రకృతుల సొత్తు గావించెను. భయపడుట మనుష్యధర్మమనియు, భయపడుచునే నిలిచి పోరాడువాడు పరిహాసమునకు గాక కరుణకు పాత్రుడనియు కవితాముఖమున నిరూపించినవారిలో నా దృష్టిలో అగ్రగణ్యుడు, మొదటి ప్రపంచసంగ్రామమున మడిసిన ఆంగ్లకవి విల్ఫ్రెడ్ ఓవెన్.

1893లో జన్మించిన ఓవెన్ 1916 సంవత్సరాంతమున మాంచెస్టర్ రెజిమెంటు అధికారిగా ఫ్రాన్సు చేరెను. చేరిన కొలది దినములకే, ఉభయసేనల కందకముల నడుమ నున్న నిర్జనభూమిలో, ఇరువదియైదుగురు ఒకరినొకరు ఒరసికొని కూర్చుండవలసిన నేలమాళిగను కాపాడు బాధ్యత ఆతనిపై పడినది. లోపల అడుగు, రెండడుగుల నీరు. ఊపిరి పీల్చుకొనుటకు పైన మిగిలినది నాలుగడుగుల గాలి. వెలికి పోవు ద్వారములలో ఒకటి ఫిరంగిగుండు దెబ్బకు పూడిపోయినది. అట్టిచోట 50 గంటలు గడపితినని 1917 జనవరి 16న తల్లికి వ్రాసిన లేఖలో ఆతడే తెలిపినాడు. మెట్ల నడుమ కావలియుంచిన కుఱ్ఱవాడొకడు ప్రేలుడు వేగమునకు క్రిందికి విసరివేయబడి, చూపు కోల్పోయినాడు.

ఈ సంఘటనను ఓవెన్ 1918లో మరల ఫ్రాన్సునందుండగా కవితగా పూర్తిచేసెను. అందు అధికారి క్రొవ్వొత్తిని ఆ బాలుని కన్నులకెదురుగా పట్టి, మసకగానైనను వెలుగు కనబడినచో అంధత్వము లేనట్లేయని ఊరడించును. వాడు కనబడుటలేదని విలపించును. అంతలో వేరొకని కావలికి నియమింపవలసివచ్చి, అధికారి వానిని మరచిపోవును. ఆ మరపును దాచక చెప్పుటయే ఈ కవితలో నన్ను మిక్కిలి కలచివేయు ఘట్టము. విభావానుభావముల చేతనే రసనిష్పత్తి గావించుట యనగా ఇదియే గదా!

1917 వసంతమున దగ్గరలో ప్రేలిన గుండు ఓవెన్‌ను ఎగురవేసెను. మనస్సు చెదరి, జూన్ మాసమున ఎడింబరో చెంతనున్న క్రెయిగ్‌లాకార్ట్ సైనికవైద్యశాలకు చేరెను. అచ్చటనే సైనికకవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ మైత్రి లభించినది. విషవాయువు క్రమ్ముకొనగా ముసుగు సకాలమున తొడుగుకొనలేక గిలగిల తన్నుకొన్న సైనికుని గూర్చిన కవిత రూపొందినది. స్వదేశార్థమరణమును మధురమని కీర్తించిన రోమను కవి హోరెసు పలుకులే దానికి శీర్షిక. ఫిలిపై రణరంగమున డాలు విడిచి పారిపోయితినని ఆ హోరెసే మరియొక గీతమున ఒప్పుకొన్నాడు. మొదటి ప్రపంచసంగ్రామ కాలమున భయము మరణదండన కర్హమైన నేరము. పలాయనము, పిరికితనము మున్నగు ఆరోపణలపై బ్రిటిషు సైన్యము కాల్చి చంపిన 306 మంది సైనికులకు 2006లో గాని క్షమాభిక్ష దక్కలేదు.

ఓవెన్ పిరికివాడు కాడు. 1918 ఆగస్టు చివర మరల యుద్ధభూమికి పోయి, అక్టోబరు పోరులో మిలిటరీ క్రాస్ పతకమునకు అర్హుడై, నవంబరు 4న ఓర్స్ గ్రామము చెంత కాలువ దాటు ప్రయత్నమున, యుద్ధవిరామమునకు సరిగా వారము ముందు, 25 ఏండ్ల వయస్సున నేలకొరిగెను. ససూన్ పూనికతో 1920లో ఆతని కవితలు గ్రంథరూపమున వెలువడినవి.

ఆ 1920లోనే ఓవెన్ తల్లి రవీంద్రునకు లేఖ వ్రాయుచు, తన కుమారుడు కడసారి వీడ్కొనునపుడు గీతాంజలిలోని మాటలు పలికెననియు, అవియే రవీంద్రుని నామముతో ఆతని చిన్నపుస్తకమున కనబడెననియు తెలిపినది. 1912లో ఆంగ్ల గీతాంజలికి పీఠిక వ్రాసిన యేట్స్ మహాకవియే, 1936లో తాను కూర్చిన ఆధునిక కవితాసంకలనమున ఓవెన్‌కు చోటీయక, నిష్క్రియముగ బాధననుభవించుట కవిత్వమునకు వస్తువు కాజాలదని తీర్పు చెప్పెను. సీతను విడిచి కుమిలిపోవు రాముని నాయకునిగా గొని భవభూతి రచించిన ఉత్తరరామచరితమును చదివి కన్నీరు కార్చిన మనము ఆ తీర్పునంగీకరింపజాలము.