రంగూను నుండి తిరిగివచ్చినవారు

ఒకప్పుడు మన తీరప్రాంతపు పేదలకు రంగూను పోవుట యనగా కూలి దొరకుట. కోరంగి రేవు పేరిట మనవారిని బర్మాలో ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు పదిలక్షల పైచిలుకు. రంగూను నగరమున సగముకంటె ఎక్కువమంది వారే. ఓడరేవులో బరువులు మోయుట, బియ్యపు మిల్లులలో పనిచేయుట తెలుగువారికి జీవనాధారములు.

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడెను. మరుసటి మార్చిలో నగరము పరాధీనమయ్యెను. ఓడలలో చోటు దొరకినది కొందరికే. లక్షలాది జనులు అరకాను కనుమలగుండ, మణిపురపు కొండలగుండ కాలినడకను బయలుదేరిరి. ఆకలి, కలరా, మలేరియా వేలమందిని దారిలోనే పొట్టన బెట్టుకొన్నవి. తెల్లవారికి కల్పించిన సౌకర్యములు భారతీయులకు లేవను విమర్శ నాడే చెలరేగెను.

1962లో బర్మాలో సైనిక ప్రభుత్వము వచ్చెను. 1964లో అంగళ్లు జాతీయమయ్యెను. మే నెలలో పెద్దనోట్లు రద్దయ్యెను. ఈసారి కాందిశీకులకై భారత ప్రభుత్వము ఓడలు నడపెను. శిబిరములు వెలసెను, ఇంటిస్థలములు, చిరువ్యాపారమునకు అప్పులు లభించెను. విశాఖలోని బర్మాక్యాంపు పేరు నేటికిని అందుకు సాక్షి.

ఈ రెండు రాకల నడుమ దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినది. తిరిగివచ్చువానికి ఎదురేగు ప్రభుత్వ మొకటి ఏర్పడినది. అయినను జీవితకాలపు కష్టార్జితమును సముద్రమునకావల విడిచినవానికి ఇంటిస్థలము తొలిమెట్టు మాత్రమే. చేతికి పని దొరకిననాడే అతడు ఇల్లు చేరినట్లు.