కొండదారి ఎవరిది?

పోయిన శీతాకాలం మా ఊరి పిల్లలు పదిమందితో కలిసి వంజంగి కొండెక్కాను. పాలసముద్రంలాంటి ఆ మబ్బుల్ని చూడడానికి కాదు, సీసాలు ఏరడానికి. మన పెద్దలు బోనంగమ్మ కొండగా మొక్కే చోట నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు, బిర్యానీ డబ్బాలు. పొద్దెక్కేసరికి మూడు గోనెసంచులు నిండాయి. దిగేటప్పుడు ఇంటర్ చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, వాళ్ళు పారేసింది మనమెందుకు ఎత్తాలి? ఇది కూడా వెట్టే కదా?"

అప్పటికప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్న తేలికైనది కాదు. మన్యంలో దారిపని వెనక పెద్ద చరిత్రే ఉంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అది తెలిస్తేగానీ వాడికి జవాబు దొరకదు.

రోడ్లు రాకముందు మన కొండల్లో ఉన్నవి పిల్లబాటలే. సంతకు ఒకటి, ఊటకు ఒకటి, పోడుకు ఒకటి, పక్క ఊరి చుట్టాల ఇంటికి ఒకటి. వానలు వెనకబట్టాక దారికడ్డంగా పెరిగిన తుప్పలు కొట్టడం, జారిన రాళ్ళు పక్కకు దొర్లించడం ఊరందరి పని అని మా తాత చెప్పేవాడు. కూలి లేదు, లెక్క లేదు, మేస్త్రీ లేడు. నడిచేవాడిదే దారి, బాగుచేసేదీ వాడే.

తెల్లదొరల పాలనలో ఇది తలకిందులైంది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవులు ఒక్కొక్కటిగా రిజర్వు అయ్యాయి. పోడు కొడితే నేరం, పశువుల్ని మేపినా, కలప కొట్టినా ఆంక్షలు. అడవి మనది కాకుండా పోయింది గానీ, ఆ అడవిలో రోడ్డు వెయ్యడానికి మాత్రం మన చేతులే కావాల్సి వచ్చాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు మీరు వినే ఉంటారు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పడుతున్న రోజుల్లో మన్యం జనాన్ని బలవంతంగా పనికి తోలాడు. చెప్పిన కూలిలో చేతికొచ్చింది కొంతే. ఎదురు చెప్పినవాళ్ళకు దెబ్బలు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గాం గంటందొర ఈ బాస్టియన్ వల్లనే పదవి పోగొట్టుకుని, తమ్ముడు మల్లుదొరతో కలిసి అల్లూరి సీతారామరాజు పక్షాన చేరాడు.

మన పితూరీని ఒక్క వీరుడి కథగానే చెప్పుకోవడం అలవాటైపోయింది. నాకది కొంచెం లోటుగా అనిపిస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద మూడు రోజుల్లో మూడు దాడులు. కొండల్లో అంత వేగంగా కదలాలంటే దారి తెలిసిన మనుషులుండాలి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్ దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇరుకు దారిలో పోలీసు దళం వరసగా వస్తుంటే, ముందున్న దేశీ పోలీసుల్ని పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారుల్నే కాల్చారు. ఎక్కడ పొంచి ఉండాలో, ఎటు తప్పుకోవాలో తెలియనివాడికి అది సాధ్యమా? బలవంతంగా వేయించిన రోడ్డు మీద కోపం పుట్టింది, తరాలుగా కాపాడుకున్న పిల్లబాట ఆ కోపానికి దారి చూపింది.

1924 మే 7న రాజు కన్నుమూశాడు. ఆ తర్వాత నెలలోనే గంటందొర నేలకొరిగాడు. అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ ముక్క మన బడి పిల్లల్లో ఎందరికి తెలుసో!

స్వతంత్రం వచ్చాక కూడా అడవి చట్టాలు చాలాకాలం అలాగే నడిచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. కాపలా ఊరిది, ఫలసాయంలో ఊరికీ వాటా అన్నారు. మంచి జరిగిన చోట్లున్నాయి. మారేడుమిల్లి దగ్గర వలమూరులో స్థానిక సమితి సభ్యులే పర్యాటకుల విడిదిని నడిపి చూపించారు. అయితే కొన్ని ఊళ్ళలో సమితి పేరు చెప్పి పోడు భూముల్లోనే మొక్కలు నాటించారు. మన చేతులతో మన పొలాన్నే మనకు కాకుండా చేసుకున్నట్టయింది. పేరు మారిన వెట్టి అది. తమ్ముడి అనుమానం ఊరికే పుట్టలేదు.

మరి తేడా ఎక్కడుంది? ఇప్పటికీ రోడ్డు లేని గూడేల నుంచి నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తున్న మన జిల్లాలో, ఊరివాళ్ళే చందాలు వేసుకుని, పలుగూ పారా పట్టి శ్రమదానంతో దారి వేసుకున్న సంగతులు ఎన్నో విన్నాం. అక్కడ ఎవడూ కొరడా పట్టలేదు. ఎక్కడ తవ్వాలో, ఏ చెట్టు ముట్టకూడదో ఊరే కూర్చుని తేల్చుకుంది. సర్కారు చెయ్యాల్సిన పని జనం నెత్తిన పడడం అన్యాయమే, దాన్ని నేను గొప్పగా చెప్పడం లేదు. కానీ అది వెట్టి కాదు.

ఈ తేల్చుకునే అధికారానికి ఇప్పుడు చట్టం తోడుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే, పెంచుకునే, నిర్వహించుకునే హక్కు ఊరిది. అడవినీ, జంతువుల్నీ, నీటి వనరుల్నీ కాపాడే అధికారం అయిదో సెక్షన్ కింద గ్రామసభకు ఉంది. చాలామంది ఈ చట్టమంటే పోడు పట్టా ఒక్కటే అనుకుంటున్నారు. పట్టా చేతికొచ్చాక ఫైలు మూసేస్తున్నారు. ఉమ్మడి హక్కుకు అర్జీ పెట్టాలంటే ఊరి హద్దులు గీసి చూపాలి. మేత బీళ్ళు, దుంపలు తవ్వుకునే చోట్లు, ఊటలు, దేవర గుడులు, శ్మశానాలు అన్నీ సాక్ష్యాలే. పెద్దల నోటి మాటను కాగితం మీద పెట్టినా సాక్ష్యమే.

ఆ చోట్లన్నిటికీ పోయేది పిల్లబాటల మీదే. వాటి పేర్లు, మలుపులు చెప్పగల పెద్దలు మా ఊళ్ళో ఇప్పుడు నలుగురే మిగిలారు. అందులో ఒకాయనకు చూపు పోయింది.

ఆ తమ్ముణ్ణి మొన్న మళ్ళీ కలిశాను. ఈసారి సంచులతోపాటు నోటు పుస్తకం కూడా తెమ్మన్నాను. కొండ మీద చెత్త ఏరాలా వద్దా, వచ్చేవాళ్ళ దగ్గర ఊరు రుసుము తీసుకోవాలా, ఏ దారి మూసి ఏ దారి తెరవాలి అన్న మూడు సంగతులూ గ్రామసభలో పెట్టడానికి వాడే కాగితం రాస్తున్నాడు. చూపులేని ఆ పెద్దాయన్ను భుజాన మోసుకునైనా సరే, ముందు ఆయన చిన్ననాటి ఊటదారి నడిపించి ఎక్కడెక్కడ ఏముందో రాసుకుందాం అన్నాడు. వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాం.