తెలుగునాటి వెలుపలి గృహములలో సంక్రాంతి సన్నాహము

జాతి చరిత్రమును రాజుల శాసనములను బట్టియు, యుద్ధములను బట్టియు వ్రాయుట పరిపాటి. అది అవసరమే. కాని మూడు నాలుగు వందల యేండ్ల క్రిందట పుట్టినయూరు విడిచిన యొక కుటుంబము, చుట్టును వేరొక భాష వినబడుచుండగా, తన భాషను ఎట్లు నిలుపుకొన్నదను ప్రశ్నకు శాసనములు సమాధానము చెప్పవు. ఆ సమాధానమును వాకిటను, వంటింటను వెదకవలసి యున్నది. అందును విశేషముగా, ధనుస్సంక్రమణము మొదలు మకరసంక్రమణము వరకు గల చలికాలపు నెలదినములలో వెదకవలసి యున్నది.

ఉగాదిని విడిచి సంక్రాంతిని గైకొనుటకు కారణము కలదు. తెలుగువారి ఉగాది చాంద్రమానము ననుసరించునది. కర్ణాటక, మహారాష్ట్రములలో సంవత్సరాది ఆనాడే వచ్చును. తమిళులకును, ఓఢ్రులకును సౌరమానము ననుసరించి ఏప్రిల్ నడుమ వచ్చును. కావున తమిళనాటను, ఒడిశాలోను ఉగాదినాడు తెలుగు ఇల్లు దినమును బట్టియే వేరుపడును. సంక్రాంతి యట్లు కాదు. సూర్యుడు మకరరాశిని ప్రవేశించు దినము అందరికిని ఒక్కటియే. ఇప్పుడది జనవరి 14 గాని, 15 గాని యగుచున్నది. పొరుగింట పొంగలి పొంగుచున్న వేళనే తెలుగింటను పొంగును. దినమొక్కటి, పంట యొక్కటి, చలి యొక్కటి. ఇక ఇంటికిని ఇంటికిని మిగులు భేద మేమి? కొన్ని ఆచారములు, వానికంటె మిక్కుటముగా మాటలు. సంక్రాంతి సన్నాహమునందు తెలుగు ఇల్లు తన్ను తాను మాటతోనే గుర్తించుకొనుచు వచ్చినది.

వచ్చినవారు, నిలిచినవారు

తెలుగునాటి వెలుపల నున్న తెలుగువా రందరును ఒక్క విధముగా అచ్చటికి చేరినవారు కారు. తమిళదేశమున విజయనగర ప్రాభవముతో పాటు తెలుగు సేనానులు, కృషీవలులు, వర్తకులు, నేతగాండ్రు దక్షిణమునకు నడచిరి. 1529 ప్రాంతము మొదలు 1736 వరకు మధురను, 1532 మొదలు 1673 వరకు తంజావూరును నాయకరాజు లేలిరి. ఆ కాలమున కోవిల్పట్టి, సాత్తూరు ప్రాంతముల నల్లరేగడి నేలలలో తెలుగు పల్లెలు నిలద్రొక్కుకొన్నవి.

షోలాపురము కథ వేరు. అచ్చట 1877లో మొదటి నూలుమిల్లు వెలసినది. అటుపిమ్మట తెలంగాణపు పద్మశాలి కుటుంబములు మగ్గమును నమ్ముకొని ఆ పట్టణము చేరినవి. బొంబాయిలో కట్టడపు పనులకు పోయిన కామాఠీల పేర కామాఠిపురము వెలసినది.

మరికొందరు ఎచ్చటికిని పోలేదు. సరిహద్దే వారి మీదుగా పోయినది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురము, పర్లాకిమిడి అందు చేరినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్ళారి మైసూరు రాష్ట్రమునకు పోయినది. గోదావరి పాయ యొడ్డున నున్న యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, పిమ్మట పుదుచ్చేరితో కలిసినది. చుట్టును కోనసీమ, కాకినాడ సీమల తెలుగే యుండుటచే యానామున పాలనము మారినను వాకిటి ముగ్గు మారలేదు. పోయినవారికిని, నిలిచినవారికిని సామాన్యమైన దొక్కటియే: పాఠశాలలోను, కచేరిలోను, అంగడిలోను తమది కాని భాష, ఇంటిలో తెలుగు.

వాకిలి

ధనుర్మాసము ప్రవేశించుటను తెలుగువారు నెల పట్టుట యందురు. ఆ దినము మొదలు తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళతో కళ్ళాపి చల్లి, ముగ్గు వేయుట ఇంటి ఆడువారి పని. ముగ్గుల నడుమ పేడతో గొబ్బెమ్మలను చేసి నిలిపి, పసుపు కుంకుమ లుంచి, గుమ్మడిపూలు తురుముదురు. ఎండిన పేడముద్దలు పిడకలై, దండలుగా గ్రుచ్చబడి, భోగిమంటకు చేరును.

తమిళులకు నిది మార్గళి మాసము. వారి వాకిళ్ళలోను చుక్కల కోలములు, పేడముద్దపై గుమ్మడిపూవు కానవచ్చును. మధురలోనో, కోయంబత్తూరులోనో తెల్లవారుజామున ఒక వీథి వెంట పోవువాడు ఏది తెలుగువాకిలియో, ఏది తమిళవాకిలియో కన్నులతో చూచి చెప్పజాలడు. చెవియొగ్గిన తెలియును. “కళ్ళాపి పలుచనైనది, ఇంకొంచెము పేడ కలుపవే” అని తల్లి కూతునకు చెప్పు మాటలోనే ఆ ఇంటి పుట్టుక యున్నది.

ఇచ్చిపుచ్చుకొనుట యొకవైపు నుండియే జరుగలేదు. శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథను శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా తెలుగుచేసెను. ఆ గోదాదేవి తమిళమున పాడిన తిరుప్పావును తెలుగు వైష్ణవ కుటుంబములు తెలుగులిపిలో వ్రాసికొని ధనుర్మాసమంతయు పఠించుచు వచ్చినవి. తమిళనాట పండుగదినములలో బసవన్నను అలంకరించి ఇంటింటికి త్రిప్పువారిని అచ్చటివారు పూంపూం మాట్టుక్కార రందురు. గడపయెదుట వారు పలుకునది తమిళము; తమలో తాము మాటలాడుకొనునది తెలుగు. గంగిరెద్దు ఆడించు వృత్తితో పాటు భాషయు వారివెంట నడచినది.

ఒడిశాలో చలికాలము మరియొక విధముగా ప్రవేశించును. మార్గశీర్షమున గురువారములందు ఓఢ్ర స్త్రీలు మానబసా యను లక్ష్మీపూజ చేయుదురు. కొలమానమును ధాన్యముతో నింపి, బియ్యపుపిండితో ఝోటి చిత్రింతురు. ఉత్తరాంధ్రమున మార్గశిర లక్ష్మివారముల నోము ప్రసిద్ధమైనది. ఆ సీమలో గురువారమునకు లక్ష్మివారమనియే వాడుక. కావున బరంపురపు తెలుగు ఇల్లాలు పొరుగువారి పూజను చూచి క్రొత్తగా నేర్వవలసిన దేమియు లేకపోయినది. వారము పేరులోనే తన ఆచారమును దాచుకొన్నది.

వంటిల్లు

సంక్రాంతికి పదిదినముల ముందునుండియే పిండివంటల సన్నాహము మొదలగును. ఇల్లు దులిపి సున్నము కొట్టుట, అరుగులకు ఎర్రమన్ను పూయుట, క్రొత్తవడ్లు దంపుట, నువ్వులు కడిగి ఎండబెట్టుట, క్రొత్తబెల్లము కొనుట — వీని వెనుక అరిసెల పని వచ్చును.

అరిసె చేయుట తెలిసిన చేయి లేనిదే కుదురదు. బియ్యమును ఒక దినమైనను నానబెట్టి, నీరు వార్చి, తడి యారకముందే రోటిలో పోసి దంచవలెను. ఇద్దరు ముగ్గురు స్త్రీలు వంతుల వారిగా రోకలి వేయుదురు. ఒకతె జల్లించును, జల్లెడలో మిగిలిన నూక మరల రోటికి పోవును. పిండి గాలికి ఆరిపోకుండ అదిమి, తడిబట్ట కప్పుదురు. ఆవల బెల్లపు పాకము కాగుచుండును. చుక్క పాకమును నీటిలో వేసిన, వ్రేళ్ళకు మెత్తని ఉండగా రావలెను. పాకము లేతదైన అరిసె నూనెలో విచ్చిపోవును. ముదిరిన రాయివలె గట్టిపడును. ఆ క్షణమును గుర్తించుట ఇంట పెద్దామెకే చెల్లును. పిండి కలిపిన చలిమిడిని ఉండలు చేసి, నువ్వులద్ది, ఆకుపై తట్టి, నూనెలో వేసి, పైకి తీసి, రెండు చెక్కల నడుమ నొక్కి నూనె పిండుదురు.

ఈ వంట తెలుగువారిది మాత్రమే కాదు. తమిళులు దీనిని అదిరస మందురు. విజయనగర కాలపు తిరుమల శాసనములలోను అతిరసపడి స్వామి నైవేద్యములలో నొకటిగా కనబడును. కన్నడిగులకు ఇది కజ్జాయ, మహారాష్ట్రులకు అనారసె, ఓఢ్రులకు అరిసా పిఠా. కావున వస్తువునకు పొరుగువారి పేరు చాలా సులభముగా అంటుకొనును. తమిళనాటి తెలుగుబిడ్డ పాఠశాలలో తోటివారితో అదిరసమనియే చెప్పును. కాని నానబెట్టుట, దంచుట, జల్లించుట, పాకము పట్టుట, తట్టుట, నొక్కుట — ఈ క్రియలు అంగడిలో దొరకునవి కావు. పని జరుగుచోట, పని జరుగు క్షణమున, పెద్దల నోటినుండి పిల్లల చెవికి రావలసినవి. పేరు వీథిలో మారిపోయినను క్రియ వంటింట నిలిచినది. తెలుగు నిలిచిన రహస్య మిందే యున్నది. ఆ పదిదినములును పేరు పెట్టని పాఠశాల, రోలే పలక.

షోలాపురమున ఈ పాఠశాలకు మరియొక రూపము కలదు. తెలంగాణపు పండుగవంట సకినాలు. బియ్యపుపిండిలో నువ్వులు, వాము కలిపి తడిపి, వ్రేళ్ళతో మెలిపెట్టుచు చుట్లు చుట్లుగా బట్టపై పోయుదురు. బట్ట తేమను పీల్చుకొన్న పిమ్మట నూనెలో వేయుదురు. నేతవారి యింట బట్టకు కొదువ లేదు, తీరికకే కొదువ. ఆ పట్టణపు తెలుగు స్త్రీలలో అనేకులు పగలెల్ల బీడీలు చుట్టి జీవించినవారు. పని ముగిసిన రాత్రివేళ ఇరుగుపొరుగువారు ఒకచోట చేరి సకినాలు పోయుట వారికి శ్రమయు, విశ్రాంతియు నైనది. మరునాడు సిద్ధేశ్వరుని గడ్డా యాత్రకు పోవుదురు. మరాఠీ పొరుగువారికి తిళగూళము పంచి తీయగా మాటాడుమందురు. ఇంటికి వచ్చి సకినము విరుచుకొందురు. ఈ రెంటికిని వైరము లేదు.

పిల్లలు, ఆడబిడ్డలు

భోగినాటి సాయంకాలము చిన్నబిడ్డలకు భోగిపండ్లు పోయుట తెలుగువారి వేడుక. రేగుపండ్లు, చెరకుముక్కలు, నానిన సెనగలు, పూలరేకులు, చిల్లరనాణెములు కలిపి బిడ్డ తలపై దిగువిడిచి, హారతి యిత్తురు. మహారాష్ట్రమున బోర్‌న్హాణ్ అను పేర ఇట్టి వేడుకయే కలదు. కన్నడదేశమునను బిడ్డలపై రేగుపండ్లు పోయు వాడుక కలదు. అచ్చటి ఎళ్ళు బెల్లపు పంపకములో తెలుగు ఇండ్లును పాలుపంచుకొన్నవి. తమిళుల పొంగల్ ఆచారములలో భోగిపండ్లు లేవు. అందుచే తమిళనాటి తెలుగు ఇంట అవి కేవలము వేడుక గాక గుర్తుగా మారినవి. పొరుగుపిల్లలు వింతగా చూచి, క్రింద దొర్లిన నాణెముల కొరకు తామును వంగుదురు.

కొన్ని ఆచారములు చోటు మార్చుకొన్నవి. కోస్తాంధ్రమున సంక్రాంతికి నిలుపు బొమ్మలకొలువు తమిళనాట నవరాత్రులకు జరిగినది. అల్లుని, కూతును పండుగకు పిలుచుట తెలుగువారి మర్యాద. పెండ్లియైన కూతునకు బియ్యము, బెల్లము, పసుపుకొమ్ములు, చెరకుగడలు పొంగల్ సీరుగా పంపుట తమిళ మర్యాద. రెండును పాటించు ఇండ్లు కలవు. ఆడబిడ్డ కది రెండింతల లాభము.

రోలు మూలబడిన పిమ్మట

2011 జనాభా లెక్కలలో తమిళనాట 42 లక్షలకు పైగా, కర్ణాటకమున 35 లక్షలకు పైగా తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నారు. ఇది చిన్న సంఖ్య కాదు. కాని చెప్పుకొనుట వేరు, చదువుట వేరు. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు రాష్ట్రములు కృషి చేయవలెనని చెప్పినది. తమిళనాట 2006 చట్టము పదవ తరగతి వరకు క్రమక్రమముగా తమిళమును విధిపాఠ్యము చేసినది. పిమ్మట న్యాయస్థానములలో వివాదములు నడచినవి. తాము నివసించు రాష్ట్రపు భాషను నేర్చుట ధర్మమే. దానికై తన భాషకు బడిలో చోటు లేకుండుట మాత్రము న్యాయము కాదు.

ఇంటిభాష లిపిలేనిదై మిగిలినప్పుడు ఏమగునో ఒక్క యుదాహరణము చాలును. ఇడైసేవల్ గ్రామమున తెలుగు కుటుంబమున బుట్టిన కి. రాజనారాయణన్ తెలుగువారి వలసగాథను ‘గోపల్ల గ్రామము’ అను నవలగా తమిళమున వ్రాసిరి. దాని తరువాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. తెలుగువారి అవ్వలు చెప్పిన కథ తమిళ సాహిత్యమునకు కీర్తి తెచ్చినది. అది సంతోషింపదగిన విషయమే. కాని ఆ కథను తెలుగులో చదువుకొనవలె నన్న తెలుగువారు అనువాదమును ఆశ్రయింపవలసి యున్నది.

ఇప్పుడు వంటింటి పాఠశాలయు మూతబడుచున్నది. పిండి మరయంత్రమునుండి వచ్చును. అరిసెలు అంగడినుండి వచ్చును. పొట్లముపై పేరు అంగడివాని భాషలో నుండును. దంచుట లేనియింట దంచుట యను మాట ఎట్లు నిలుచును? అట్లని రోకలిని మరల స్త్రీల చేతి కీయవలె నని ఎవ్వరును కోరరాదు. నాలుగు వందల యేండ్లు భాషను మోసినది వారి భుజములే. అరచేతులు కాయలు కాచిన ఆ శ్రమ తగ్గుట మేలే. శ్రమను విడిచి మాటను నిలుపుకొను ఉపాయమే కావలెను.

ఆ యుపాయము పెద్దది కాదు. ఇంట ఇంకను కళ్ళాపి, చలిమిడి, ఉండపాకము అను మాటలు పలుకు ముసలమ్మ ఉన్నది. ఆమె యొద్ద ఈ పుష్యమాసమున బిడ్డను కూర్చుండబెట్టి, ఆమె చెప్పిన ప్రతి మాటను తెలుగు అక్షరములతో వ్రాయింపవలెను. రోటికి, రోకలికి, చేటకు, జల్లెడకు, వంటలో జరుగు ప్రతి పనికిని పేరు వ్రాయింపవలెను. నూరు మాటలైనను చేరును. తెలుగుబడి యున్నచోట ఉపాధ్యాయుడు ఆ పుటలను దిద్దగలడు. లేనిచోట తల్లియో తండ్రియో దిద్దవలెను. ఇంతకాలము వాకిలినుండి వంటింటికి నడచిన తెలుగు, అక్కడినుండి బిడ్డ చేతివ్రాతలోనికి నడువవలసిన కాలము వచ్చినది. చెప్పగల ముసలమ్మ ఉన్నంతలోనే ఆ పని జరుగవలెను.