నల్లగొండ, మహబూబ్‌నగర్ విద్యార్థులకు ఉపకార వేతనాలు: వలసకు ముందే సిద్ధం చేసుకోవలసిన పత్రాలు

పదవ తరగతి అనంతర చదువులకు ప్రభుత్వం అందించే ఉపకార వేతనం, బోధనా రుసుముల చెల్లింపు అర్హులైన ప్రతి విద్యార్థికీ చేరవలసినవి. అయినప్పటికీ పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో అర్హత ఉండి కూడా ఈ సహాయాన్ని పొందలేకపోతున్న విద్యార్థులు ఉన్నారు. గడువు తీరిన ఆదాయ ధ్రువపత్రం, రెండు పత్రాలలో రెండు విధాలుగా ఉన్న పేరు, ఆధార్‌తో అనుసంధానం కాని బ్యాంకు ఖాతా వంటి కారణాల వల్లనే వారి దరఖాస్తులు ఎక్కువగా నిలిచిపోతుంటాయి. వీటన్నింటినీ సరిదిద్దుకొనుటకు అవకాశం ఉన్నది. అయితే వాటిలో కొన్నింటికి తల్లిదండ్రులు ఊరిలో ఉండుట అవసరం. ఈ రెండు జిల్లాలకు సంబంధించినంత వరకు అసలు చిక్కు అక్కడనే ఉన్నది.

పాలమూరు కూలీలు దేశంలోని అనేక ఆనకట్టల నిర్మాణంలో పనిచేసినవారు. గుంపు మేస్త్రీ వద్ద ముందుగా సొమ్ము తీసుకొని, దసరా, దీపావళి పండుగల తరువాత ముంబై, పుణె, బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాలకు తరలిపోయి, తొలకరి వేళకు తిరిగి వచ్చుట మక్తల్, నారాయణపేట, కొడంగల్, అచ్చంపేట ప్రాంతాలలోని అనేక కుటుంబాలకు తరతరాల అలవాటు. నల్లగొండ జిల్లాలో దేవరకొండ పరిసర తండాల నుండి కూడా ఇటువంటి వలసలు ఉన్నాయి. కళాశాలలలో ప్రవేశాలు వేసవి చివర మొదలై వర్షాకాలమంతా సాగుతాయి. ఉపకార వేతనాల దరఖాస్తులు ఆ తరువాత కొన్ని నెలల పాటు స్వీకరించబడుతాయి. గడువు పొడిగింపులు కూడా సాధారణమే. ఆ పొడిగింపును నమ్ముకొని ఆగిన విద్యార్థి ఆదాయ ధ్రువపత్రం కోసం మీ-సేవ కేంద్రానికి వెళ్ళే నాటికి తండ్రి ఊరిలో ఉండడు.

ఈ సహాయం ఇక్కడ ఎంత అవసరమో జనాభా లెక్కలు తెలుపుతాయి. 2001 లెక్కల ప్రకారం మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 44.4 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలో ఇదియే అత్యల్పం. నల్లగొండ జిల్లాలో అది 57.2 శాతం. 2011 నాటికి ఇవి వరుసగా 55 శాతానికి, 64.2 శాతానికి పెరిగినాయి. ఆ మధ్యకాలంలోనే నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం (2007), మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం (2008) ఏర్పడినాయి. ఉన్నత విద్య ఊరికి దగ్గరైనది కాని, దాని ఖర్చు దగ్గర కాలేదు. నేడు డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరుతున్న విద్యార్థులలో అనేకులు తమ ఇంటిలో కళాశాల గడప తొక్కిన మొదటివారు. దరఖాస్తు ఎట్లు నింపవలెనో చెప్పగలవారు వారి ఇంటిలో ఉండరు.

పథకం పూర్వాపరాలు

షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పదవ తరగతి అనంతర ఉపకార వేతనాల పథకం దేశంలో 1944 నుండి అమలులో ఉన్నది. అంతకు ముందు ఈ ప్రాంతపు గ్రామాల నుండి హైదరాబాదు వెళ్ళి చదువుకొనువారికి దాతలు నెలకొల్పిన వసతి గృహాలే ఆధారం. వనపర్తి సంస్థాన ప్రాంతంలో జన్మించి, హైదరాబాదు కొత్వాలుగా పనిచేసిన రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి 1918లో స్థాపనకు కారకులైన రెడ్డి హాస్టలు అట్టి వాటిలో ఒకటి. స్వాతంత్ర్యానంతరం ఆ బాధ్యత క్రమంగా ప్రభుత్వానిదైనది. 1959లో వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ ప్రారంభమైనది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల ఏర్పాటైనది. గ్రామీణ విద్యార్థులకు ఉచిత వసతితో కూడిన చదువు అను ఆలోచన రాష్ట్రమంతటా విస్తరించుటకు ఆ పాఠశాల నాంది పలికినది.

బోధనా రుసుమును ప్రభుత్వమే చెల్లించే విధానం 2008-09 విద్యా సంవత్సరం నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతులకు విస్తృతంగా వర్తింపజేయబడినది. తరువాత ఆర్థికంగా వెనుకబడిన ఇతర వర్గాలకు కూడా విస్తరించినది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2014 జూలైలో 1956ను స్థానికతకు ప్రమాణంగా చేసుకొని 'ఫాస్ట్' పేరుతో ప్రత్యేక పథకం ప్రకటించబడినది. అది న్యాయస్థానం వరకు వెళ్ళి, 2015 ఆరంభంలో ఉపసంహరించబడినది. నాటి నుండి పాత పథకమే 'ఈ-పాస్' వెబ్‌సైట్ ద్వారా కొనసాగుతున్నది.

ఇందులో రెండు భాగాలు ఉన్నాయి. కళాశాలకు చెల్లించవలసిన బోధనా రుసుము ఒకటి. వసతి, భోజనాది ఖర్చులకు ఇచ్చే నిర్వహణ వేతనం రెండవది. ఈ రెంటికీ దరఖాస్తు ఒక్కటే. షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయం రూ.2 లక్షల లోపు, వెనుకబడిన తరగతులు తదితర వర్గాల విద్యార్థులకు గ్రామాలలో రూ.1.50 లక్షలు, పట్టణాలలో రూ.2 లక్షల లోపు ఉండవలెనని తెలంగాణలో నిర్ణయించబడినది. షెడ్యూల్డు కులాలకు సంబంధించిన కేంద్ర పథకపు పరిమితి రూ.2.50 లక్షలు. ఆ పథకంలో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించవలెనని 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినది. పరిమితులు మారవచ్చును గనుక, ఆ సంవత్సరపు ప్రకటనను చూచుకొనిన పిదపనే దరఖాస్తు చేయుట మంచిది.

ఇంజనీరింగు విషయంలో ఒక నిబంధనను చాలమంది ఆలస్యంగా తెలుసుకొంటారు. ప్రవేశ పరీక్షలో 10 వేల లోపు ర్యాంకు వచ్చిన వారికి పూర్తి రుసుము చెల్లించబడుతుంది. ఆ పైబడిన ర్యాంకులు పొందిన వెనుకబడిన తరగతుల విద్యార్థులకు రూ.35 వేలకు మించి చెల్లింపు ఉండదు. రుసుము అంతకన్న ఎక్కువగా ఉన్న కళాశాలను ఎంచుకొనినచో మిగిలిన సొమ్మును ఏటా కుటుంబమే భరించవలెను. కౌన్సెలింగులో కళాశాలల వరుసను నింపే రోజుననే ఈ లెక్క వేసుకొనవలెను. యాజమాన్య కోటాలోను, స్పాట్ ప్రవేశాలలోను చేరినవారికి ఈ పథకం వర్తించదు. స్నేహితునితో కలిసి ఒకే కళాశాలలో చదువవలెనని స్పాట్ సీటు తీసుకొని, నాలుగేండ్ల రుసుమును నెత్తిన వేసుకొనినవారు ఉన్నారు.

పత్రాల సంగతి

ఆదాయ ధ్రువపత్రాన్ని తహసీల్దారు మీ-సేవ ద్వారా జారీ చేస్తారు. వ్యవసాయ కూలీలకు, పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాల వద్ద పనిచేసే నేత కుటుంబాలకు జీతపు చీటీ ఉండదు. అందువల్ల గ్రామంలో విచారణ జరిపిన మీదట తహసీల్దారు నిర్ణయించిన మొత్తమే వారి ఆదాయం. విచారణకు సిబ్బంది వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉన్నచో పత్రం ఆలస్యమగుట సహజం. ఇంటరు ఫలితాలు వెలువడగానే, అనగా వానలకు ముందు కుటుంబం ఊరిలో ఉన్న రోజులలోనే, ఈ పత్రానికి దరఖాస్తు చేసిన విద్యార్థికి రెండు ప్రయోజనాలు ఉన్నాయి. ఇంజనీరింగు కౌన్సెలింగులోను, 2016 నుండి డిగ్రీ ప్రవేశాలకు అమలులో ఉన్న 'దోస్త్' విధానంలోను ఆదాయ పత్రం వివరాలు అడుగుతారు. ఆ వివరాలు ఇచ్చిన విద్యార్థి రుసుము చెల్లింపునకు అర్హుడుగా అక్కడనే నమోదు అవుతాడు. ఇవ్వనిచో సీటు ఖాయం చేసుకొను దశలోనే పూర్తి రుసుము కట్టవలసి రావచ్చును. దసరా నాటికి ఈ-పాస్ దరఖాస్తుకు కూడా అదే పత్రం ఉపయోగపడుతుంది.

కుల ధ్రువపత్రాన్ని ఒకసారి తీసుకొని భద్రపరచుకొనవలెను. పేరులో తేడాలు తండాల విద్యార్థులను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంటాయి. పదవ తరగతి పత్రంలో ఇంటి పేరు చివర, ఆధార్‌లో మొదట ఉంటుంది. తండ్రి పేరు చివర 'నాయక్' అని ఒకచోట ఉండి మరొకచోట ఉండదు. రమావత్, కేతావత్ వంటి ఇంటి పేర్లు పత్రానికొక వర్ణక్రమంతో కనిపిస్తాయి. పదవ తరగతి పత్రంలోని పేరునే ప్రమాణంగా తీసుకొని, ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను దానికి అనుగుణంగా సవరించుకొనుట తేలిక మార్గం. ఆధార్‌లో పేరును ఎన్నిసార్లైనను మార్చుటకు వీలు లేదు గనుక, మొదటి సవరణలోనే ప్రతి అక్షరాన్ని సరిచూచుకొనవలెను.

బ్యాంకు ఖాతా విద్యార్థి పేరిటనే ఉండవలెను. ఆధార్ ఆధారంగా జరిగే చెల్లింపులలో, చివరిసారి ఏ ఖాతాకు ఆధార్ అనుసంధానమైనదో ఆ ఖాతాకే సొమ్ము చేరుతుంది. పాఠశాల రోజులలో ఒక బ్యాంకులోను, కళాశాలలో చేరిన పిదప మరొక బ్యాంకులోను ఖాతా తెరిచినవారు నిర్వహణ వేతనం రాలేదని కార్యాలయాల చుట్టూ తిరుగుతుండగా, అది వాడుకలో లేని పాత ఖాతాలో పడి ఉండుట కద్దు. ఏ ఖాతాకు అనుసంధానం ఉన్నదో బ్యాంకులో అడిగి తెలుసుకొనవచ్చును.

దరఖాస్తు చేసిన తరువాత

ఈ-పాస్‌లో పదవ తరగతి హాల్ టికెట్ సంఖ్య, ఉత్తీర్ణులైన సంవత్సరం, జన్మ తేదీతో నమోదు మొదలవుతుంది. ఆధార్, కుల, ఆదాయ పత్రాల సంఖ్యలు, బ్యాంకు వివరాలు, ప్రవేశపు వివరాలు నింపవలెను. సమర్పించిన పిదప వచ్చే దరఖాస్తు సంఖ్యను తప్పక వ్రాసి ఉంచుకొనవలెను. నెట్ సెంటరు నిర్వాహకుని ఫోను నంబరును దరఖాస్తులో వేయించుకొనిన విద్యార్థికి ఆ తరువాత ఏ సందేశమూ చేరదు.

చాలమంది పని ఇంతటితో ముగిసినదనుకొంటారు. ముద్రించిన దరఖాస్తును పదవ తరగతి, ఇంటరు మార్కుల పత్రాలు, బదిలీ పత్రం, గత ఏండ్ల బోనఫైడ్ పత్రాలు, సీటు కేటాయింపు ఉత్తర్వు నకళ్ళతో కళాశాలలో అందజేయవలెను. విద్యార్థి వేలిముద్రతో ధ్రువీకరణ జరిపించుకొనవలెను. ఆ తరువాత కళాశాల వారు పరిశీలించి జిల్లా సంక్షేమ అధికారికి పంపుతారు. అక్కడ మంజూరైన పిదప బిల్లు ఖజానాకు వెళుతుంది. దరఖాస్తు ఏ దశలో ఉన్నదో వెబ్‌సైట్‌లో ఎప్పుడైనను చూచుకొనవచ్చును. కళాశాల స్థాయిలోనే నెలల తరబడి నిలిచి ఉన్నచో అడుగవలసినది కళాశాల కార్యాలయాన్నే. సంక్షేమ కార్యాలయానికి వెళ్ళి ప్రయోజనం ఉండదు. కాయకష్టం చేతుల కారణంగా వేలిముద్రలు సరిగా పడని వారు ముందుగా ఆధార్ కేంద్రంలో వాటిని నవీకరించుకొనుట మంచిది. సెలవులలో కూలికి వెళ్ళే విద్యార్థులకు కూడా ఈ సమస్య ఎదురవుతుంది.

రెండవ సంవత్సరం నుండి రెన్యువల్ చేయించుకొనవలెను. ఇది దానంతట అది జరుగదు. పై తరగతికి అర్హత పొందుట, 75 శాతం హాజరు ఇందుకు ముఖ్యం. తల్లిదండ్రులకు తోడుగా నెల రోజులు పనికి వెళ్ళివచ్చిన విద్యార్థికి ఆ నెల కూలి కన్న పోగొట్టుకొను ఉపకార వేతనం ఎక్కువ కావచ్చును.

చెల్లింపులలో జాప్యం జరుగుతున్న మాట వాస్తవం. 2025లో బకాయిల విడుదల కోరుతూ ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు రాష్ట్రంలో కళాశాలలను మూసివేసి ఆందోళన జరిపినాయి. ఈ జాప్యపు భారం చివరకు విద్యార్థిపైననే పడుతుంది. చదువు ముగిసి ఉద్యోగానికో పై చదువుకో వెళ్ళవలసిన వేళ, ప్రభుత్వం నుండి రుసుము రాలేదని చెప్పి కొన్ని కళాశాలలు అసలు పత్రాలను అట్టిపెట్టుకొంటాయి. విద్యార్థుల అసలు పత్రాలను విద్యాసంస్థలు తమ వద్ద ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో స్పష్టం చేసినది. పత్రాలు ఇవ్వని పక్షంలో కళాశాలకు లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని నకలుపై అందినట్లు సంతకం తీసుకొనవలెను. కళాశాలకు కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉండవలెను. ప్రభుత్వం నుండి రుసుము జమయైన పిదప తాము కట్టిన సొమ్మును తిరిగి అడుగుటకు ఆ రసీదే ఆధారం.

ఇతర సహాయాలు

రాష్ట్ర పథకానికి ఆదాయ పరిమితి దాటినవారికి కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఉపకార వేతనాల పోర్టల్ ఒక దారి. ఇంటరులో బోర్డు పరిధిలోని మొదటి 20 పర్సెంటైల్‌లో నిలిచి, కుటుంబ ఆదాయం రూ.4.50 లక్షల లోపు ఉన్నవారికి డిగ్రీలో ఏటా రూ.12 వేలు లభిస్తాయి. మరొక ఉపకార వేతనం పొందుతున్నవారు దీనికి అర్హులు కారు. సాంకేతిక విద్యలో చేరిన బాలికలకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి వారి 'ప్రగతి' పథకం క్రింద ఏటా రూ.50 వేలు అందుతాయి. కుటుంబ ఆదాయం రూ.8 లక్షలకు మించరాదు. ఒక కుటుంబంలో ఇద్దరు బాలికల వరకు అవకాశం ఉన్నది.

2016 అక్టోబరులోను, నారాయణపేట విషయంలో 2019 ఫిబ్రవరిలోను జరిగిన విభజనతో ఈ రెండు జిల్లాల స్థానంలో అనేక జిల్లాలు ఏర్పడినాయి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల వారు ఉపకార వేతనాల విషయంలో నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో వెళ్ళనవసరం లేదు. కళాశాల ఏ జిల్లాలో ఉన్నదో ఆ జిల్లా సంక్షేమ కార్యాలయమే దరఖాస్తును పరిశీలిస్తుంది. ఆదాయ, కుల పత్రాలకు మాత్రం సొంత మండలపు తహసీల్దారు కార్యాలయమే. అక్కడ పని ముందుకు సాగనిచో సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజావాణిలో, దరఖాస్తు సంఖ్యను, మీ-సేవ రసీదును జతపరచి అర్జీ ఇవ్వవచ్చును.